జంట తప్పు

ఆశ్వయుజమాసపు మధ్యాహ్నమున గాలి దిక్కు మార్చికొనగా సీసపురంగు దాల్చిన సముద్రము ఆ పల్లె యంచును మఱికొంత కొఱికి మ్రింగుచుండెను. వెనుకటి గాలివానలో కూలిన జాలరిగృహముల గోడమొదళ్లు ఆటుసమయమున దంతములవలె బయటపడి పోటు రాగానే మఱల మునిగిపోవుచుండెను. ఉప్పుగాలికి సున్నము రాలిన తీరపాఠశాలలో గణితోపాధ్యాయిని వేదవతమ్మ కిటికీకి వీపు పెట్టి యింటిలెక్కలు దిద్దుచుండెను.

ఆమె దిద్దుబాటున కొక నియమము కలదు. జవాబు తప్పినను దారి సరియైనచో మార్కు లిచ్చును. రెండు పుస్తకములలో నొకే తప్పు కనబడినచో నెవరిని గద్దింపక ఒకరి మార్కులనే యిద్దఱికిని చెఱిసగము పంచును. "కలిసి వండారుగా, కలిసే తినండి" అని నవ్వును. పిల్లలు దానికి పప్పుబెల్లాల పంపకమని పేరు పెట్టిరి.

ఆ యేడు పట్టణమందలి గురుకులమువారు ఇంటిలెక్కలలో మిక్కిలి మార్కులు తెచ్చుకొనిన బాలిక నొక్కతెను మాత్రమే చేర్చుకొని వసతి యిత్తుమని చుట్టుపల్లెలన్నిటికి కబురంపిరి. అందఱికంటె ముందున్నవారు పైడిరత్నము నూకరత్నము అను కవలలు. కబురు తెలిసిన మఱునాడే వారి పుస్తకములలో నొకే తప్పు కనబడెను. కడపటి పంక్తిలో రెండునుండి యొకటి తీసివేయవలసియుండగా ఇద్దఱును సున్న వేసిరి. మార్కులు పంచబోయి యాగిన వేదవతమ్మ ఒకతెను తరగతిలోను ఒకతెను వసారాలోను కూర్చుండబెట్టి వేఱొక లెక్క యిచ్చెను. కఠినమైన మెట్లన్నియు తడబడక యెక్కివచ్చిన యా బాలికలు రెండిటిలో నొకటి పోవుచోట మఱల సున్నయే వేసిరి.

"రెండులో ఒకటి పోతే ఎంతే?" అని యామె పైడిరత్నము నడిగెను.

"ఏం మిగల్దండి."

"వేళ్లమీద చూపించు."

"వేళ్లయితే ఒకటి మిగుల్తాదండి" అని యా బాలిక తల వంచుకొనెను.

సాయంకాలమున వారి తల్లి పోలమ్మ చేపలబుట్టను గడపవెలుపల దింపి స్తంభము నానుకొని నిలిచెను. "పంతులమ్మగోరూ, ఈపాలి పోటుకి మా ఇల్లు ఉండదంటన్నారు. మీరు సగం సగం పంచేత్తే ఆ చోటు పక్కూరోళ్లకి పోద్ది. ఒకత్తినైనా మెరకన పడెయ్యండి."

"ఎవరిని పోలమ్మా?"

"ఆ మాట నన్నడక్కండి. కన్నదాన్ని. మార్కులేసేది మీరు."

ఆమె పోయిన పిదప ఉపాధ్యాయిని కవలల పుస్తకములు రెండును ఒకదానిపై నొకటి పెట్టుకొనెను. పంచినచో నిద్దఱును ఆ కూలుచున్న గోడల నడుమనే యుందురు. పంచనిచో పుట్టినది మొదలు విడివడని జంటను తన చేయియే విడదీయును. తుదకు తన నియమమును తానే మీఱి పైడిరత్నము వేసిన సున్నను ఒకటిగా దిద్ది పూర్తి మార్కు లిచ్చి నూకరత్నము సున్నపై ఎఱ్ఱగీత గీచెను. పైడిరత్నము పుస్తకము పైన నుండుట తప్ప అందులకు వేఱు కారణము లేదు.

పైడిరత్నమును గురుకులమునకు గొనిపోవు బస్సు కదలునప్పుడు ఆ బాలిక లేడ్వలేదు. ఒకరి చేతి నొకరు మెల్లగా విడిచిరి.

మఱునాటి యుదయమున ఆమె హాజరుపట్టిక తెఱచి పేర్లు చదువుచు "నూకరత్నం" అని పిలిచెను.

"అది ఎల్లిపోయిందండి."

తల యెత్తి చూడగా పైడిరత్నము కూర్చుండుచోట నూకరత్నము చేతులు కట్టుకొని నిలిచియుండెను. వెక్కిరింపు కాదు. కన్నులలో తడి సైతము లేదు. ఉపాధ్యాయిని పిలువవలసిన పనిలేని పైడిరత్నము పేరును పిలిచెను.

"హాజరండి."

పట్టికపై నాగిపోయిన కలమునుండి సిరా స్రవించి యొక పేరునుండి దాని క్రింది పేరునకు ప్రాకుచుండగా దాని నద్దుటకు వేదవతమ్మకు చేయి రాలేదు.