ఎర్రదారం కట్టిన ట్రేలు

గల్ఫ్‌లో రిఫా దగ్గరి యూనివర్సిటీ గ్రీన్‌హౌస్‌లో హేమావతికి ఒళ్లు మండిపోయింది. ఉప్పునీటిని తట్టుకునే అడవి వంగ మొదళ్ల మీద టమాటా అంటు కట్టడం ఆమె పరిశోధన. నెదర్లాండ్స్ యూనివర్సిటీతో కలిసి చేస్తున్న పని. అంటు కట్టేముందు మొక్కలకు నిండుగా నీళ్లు పెట్టాలని అక్కడి ప్రొఫెసర్ రాసి పంపాడు. తోటపని చేసే గణపతి మాత్రం తాను కట్టిన నాలుగు ట్రేలకు చుక్క నీరు పోయలేదు.

"మిమ్మల్నెవరు మానమన్నారు?"

"తడెక్కువైతే కోసినచోట రసం ఉబికి అంటు జారిపోద్ది మేడంగారూ. మా కడియం నర్సరీల్లో ముందురోజే నీళ్లు ఆపేస్తామండి. మీ లెక్క చెడకూడదని వాటికి ఎర్రదారం కట్టి విడిగా పెట్టానండి."

పదిహేను రోజులు గడిచాయి. హేమావతి స్వయంగా కట్టినవాటిలో సగం వాడిపోయాయి. ఎర్రదారం ట్రేల్లో పోయినవి రెండంటే రెండే.

వీడియో కాల్‌లో ఆ మొక్కల్ని చూసిన ప్రొఫెసర్ వాటిని ఎవరు కట్టారని అడిగాడు. పరిశోధన పత్రంలో గణపతి పేరు కూడా ఉండాలన్నాడు. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారో అడగమన్నాడు.

గణపతి తల గోక్కున్నాడు. "మా అమ్మ దగ్గరండి. వందకి తొంభై బతికించేదాకా అమ్మకానికి పెట్టే మొక్కల మీద నన్ను చెయ్యి వెయ్యనిచ్చేది కాదు."

హేమావతి తన అంటు కట్టే కత్తి తీసి ఆయన ముందు పెట్టింది.

"నావి వందకి యాభయ్యే బతికాయి. మొదటినుంచీ నేర్పండి."