మంగళవారం ఒంటిగంట పది నిమిషాలకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందరూ అంటే మా అటెండరు ఒక్కడే. ఉన్నది ఒక గది, ఒక వరండా, వరండాలో ఒక బల్ల.

నేను ప్రొబేషన్ ఆఫీసర్ని. చిన్న నేరం చేసినవాళ్లను కోర్టు ఒక్కోసారి జైలుకు పంపదు. పని చేసుకుంటూ ఇంట్లోనే ఉండి, వారానికోసారి మా దగ్గరికొచ్చి సంతకం పెట్టమంటుంది. ఆ సంతకాలు పెట్టించేదీ, ఎగ్గొట్టినవాళ్ల గురించి కోర్టుకు రాసేదీ నేనే. ఇరవై రెండేళ్లుగా ఇదే పని.

యూనివర్సిటీవాళ్లు ఏటా ఒక పిల్లని తెచ్చి నా నెత్తిన పెడతారు. క్రిమినల్ జస్టిస్ చదివేవాళ్లు ఆఖరి ఏడాదిలో రెండు నెలలు ఇలాంటి చోట పని నేర్చుకోవాలట. మార్కులు నేను వేయాలి. ఈసారి వచ్చిన అమ్మాయి మొదటిరోజే ఒక రంగుల కాగితం చూపించింది. ఈ చదువుతో ఏమేం కావచ్చో అందులో ఉంది. పోలీసు శాఖ, జైళ్లు, కోర్టులు, ఫోరెన్సిక్ ల్యాబ్. అన్నిటికంటే అడుగున, కాగితం మడత పడేచోట, మేము.

"నీకేది కావాలి?" అన్నాను.

"ల్యాబ్ మేడమ్. వస్తువులు అబద్ధాలు చెప్పవు కదా."

"మనుషులు చెబుతారంటావు."

"చెబుతారో లేదో అదే చోటికి, అదే టైముకి వెళ్లి చూస్తేగానీ తెలీదంటారు మా సారు."

సార్లదేముంది, ఫ్యాను కింద కూర్చుని ఎన్నైనా చెబుతారు అనుకున్నాను.

రెండో వారంలో ఆమెకొక ఫైలు ఇచ్చాను. బైండింగ్ షాపులో పనిచేసే మనిషిది. కట్టే భవనంలోంచి రాగితీగ ఎత్తుకుపోతూ దొరికాడు. ప్రతి మంగళవారం రావాలి. మొదట్లో బుద్ధిగా వచ్చాడు. తర్వాత వరసగా మూడు మంగళవారాలు సంతకం లేదు. మూడు తప్పితే కోర్టుకు రాయాలి, కోర్టు తలుచుకుంటే మిగిలిన ఎనిమిది నెలలూ జైల్లోనే. విచారణ గురువారం.

సోమవారం ఆ అమ్మాయి షాపుకెళ్లి అతనితో మాట్లాడి వచ్చింది.

"మూడు వారాలూ వచ్చానంటున్నాడు మేడమ్. షాపు ఓనరు మారాడట, ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకి అరగంటే వదులుతున్నాడట. పరిగెత్తుకొచ్చేసరికి ఒంటిగంట పది. తలుపు వేసి ఉంటోందట."

"అందరూ ఆ మాటే అంటారు. సాకులు చెబుతున్నాడని రాసెయ్."

ఆమె రాయలేదు. "సంతకాల కార్డుకి గుడ్డ అట్ట వేసుకున్నాడు మేడమ్. మూలలు మడిచి, ఎంత నీటుగా అతికించాడో."

"అట్ట వేసుకుంటే మంచివాడైపోతాడా?"

"అవడు. ఊరికే చెప్పాను."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. బోర్డు మీద పది నుంచి ఐదు వరకు అనే ఉంటుంది. కానీ ఒంటిగంటకు అటెండరు ఇంటికెళ్లగానే నేను లోపల గడియ పెట్టుకుంటాను. పొద్దుట్నుంచీ ఊళ్లోవాళ్ల ఏడుపులన్నీ విని ఉంటాను. ఆ గంటసేపూ ఎవరి మొహమూ చూడకుండా క్యారేజీ విప్పుకుని తిని, కుర్చీలోనే చిన్న కునుకు తీస్తాను. ఏళ్ల తరబడి అలవాటు.

మరునాడు మంగళవారం కూడా అంతే. భోజనానికి వెళ్తానని అమ్మాయి బయటికెళ్లింది. నేను తింటూండగా ఎవరో తలుపు తట్టారు. రెండుసార్లు, మెల్లిగా. రెండింటికి రావచ్చుగా అని గొణుక్కుని తినడం కానిచ్చాను.

రెండింటికి గడియ తీస్తే వరండా బల్ల మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. నా చేతికొక కాగితం ఇచ్చింది.

"మంగళవారం. ఒంటిగంట పది నిమిషాలకు అతను వచ్చాడు. రెండుసార్లు తట్టాడు. తలుపు తీయలేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది. గిన్నెలో చెంచా చప్పుడు వినిపించింది. ఒంటిగంట ఇరవైకి వెళ్లిపోయాడు." కింద ఆ అమ్మాయి సంతకం, దాని పక్కన అతని సంతకం.

"నువ్వక్కడే ఉన్నావుగా, నువ్వు కొట్టొచ్చుగా తలుపు?"

"నేను కొడితే మీరు తీస్తారేమోనని మేడమ్."

ఒళ్లు మండింది. "అంటే ఇది నా మీద రిపోర్టా?" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది.

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "అతని మీదే మేడమ్. గడియ ఎవరు పెట్టారో నేను రాయలేదు. నా మార్కులు మీ చేతిలో ఉన్నాయని నాకు తెలుసు."

ఆ సాయంత్రం ఒక్కదాన్నే కూర్చున్నాను. ప్రమోషన్ లిస్టులో నా పేరు రెండోది. గడియ సంగతి రాస్తే మెమో వస్తుంది, లిస్టులోంచి పేరు పోతుంది. రాయకపోతే ఆ మనిషి జైలుకు పోతాడు. ఇందులో పోల్చుకోవడానికేముంది అని మీరనుకోవచ్చు. నేను మాత్రం గంటసేపు పోల్చుకుంటూనే కూర్చున్నాను, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఎందుకంటే ఆ చప్పుడు నాకు కొత్త కాదు. నాలుగు మంగళవారాలూ విన్నాను. దబదబా బాదే రకమైతే తిట్టుకుంటూనైనా లేచి తీసేదాన్నే. ఇతను మర్యాదగా తట్టాడు, అందుకే తీయలేదు.

రిపోర్టులో నా చేత్తోనే రాశాను. "అతను ప్రతి మంగళవారం వచ్చాడు. తట్టాడు. లోపల నేనున్నాను. గడియ నేను పెట్టాను."

గురువారం జడ్జిగారు ఆ పేజీ రెండుసార్లు చదివారు. "తట్టింది మీకు వినిపించలేదా?" అన్నారు.

వినిపించలేదంటే అక్కడితో సగం తప్పు మాఫీ. వెనక బెంచీలో ఆ అమ్మాయి ఉంది. ఆమె కోసమని కాదు గానీ, "వినిపించిందండీ" అన్నాను.

అతన్ని పాత షరతుల మీదే ఉండనిచ్చారు. నాకు వారం తిరక్కుండానే మెమో వచ్చింది, ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. బాధ లేదంటే అబద్ధం, రెండురోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రెండు నెలలూ అయ్యాక అమ్మాయికి నూటికి తొంభై ఆరు వేశాను. ఇక్కడే ఉద్యోగానికి రాకూడదా అని అడిగాను కూడా. ల్యాబ్‌కే అప్లై చేశానని చెప్పింది, ఏమాత్రం మొహమాటం లేకుండా.

విచారణ అయిన తర్వాతి మంగళవారం ఒంటిగంటకు అటెండరు వెళ్లిపోయాక తలుపు బార్లా తీసి, మూసుకోకుండా ఒక కుర్చీ అడ్డం పెట్టి క్యారేజీ విప్పాను. ఒంటిగంట పదికి అతను వచ్చాడు. గుమ్మం బయటే ఆగి, చేతిలో గుడ్డ అట్ట కార్డు పట్టుకుని, తీసి ఉన్న తలుపును రెండుసార్లు, మెల్లిగా తట్టాడు.

చెంచా పక్కన పెట్టి లేచాను. "రండి" అన్నాను.