మూడంగుళాల పైపు

కావలి బైపాస్ పక్కన పెంచల్ సైలెన్సర్ల షెడ్డు ముందు ఎర్ర కారొకటి ఆగింది. దాంట్లోంచి దిగినోణ్ణి చూడగానే పెంచల్ చేతిలో వెల్డింగ్ రాడ్డు అట్నే నిలిచిపోయింది. విజయభాస్కర్! ఎన్నాళ్ళకి దొరికినావురా సామీ! వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

ఇద్దరిదీ సముద్రం ఒడ్డున ఉప్పరేవు పాళెమే. నాలుగేళ్ళ కిందట అక్కడ ఊరుమ్మడి పడవ ఇంజను మాయమైంది. పెంచల్ వాళ్ళ నాయన వెంకయ్య దాన్ని భుజాన వేసుకొని పోతుంటే చూసినానని భాస్కర్ పెద్దల ముందు చెప్పినాడు. ఊరికే చెప్పలా, గుప్పిట్లో ఉప్పు పట్టుకొని గంగమ్మ మీద ప్రమాణం చేసినాడు. ఇంకేముంది? వెంకయ్య ఇంటి మీద దురాయి వేసినారు. దురాయంటే ఊరి వెలి. నిప్పివ్వరు, నీళ్ళివ్వరు, పలకరించరు, చస్తే పాడె మొయ్యరు. వెంకయ్య పెళ్ళాం మాలకొండమ్మనీ కొడుకునీ వెంటబెట్టుకొని కావలి వచ్చి, ఏడాది తిరక్కుండానే అద్దె గదిలో పోయినాడు. నలభై ఏళ్ళు ఒకే వల లాగిన వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు రాలా. పాడె మోసిన నలుగురిలో ఇద్దరు హైవే మీద ఆగిన లారీ డ్రైవర్లు. వాళ్ళకి పోయినాయన పేరేందో కూడా తెలీదు. దీన్ని మర్చిపొమ్మంటే పెంచల్ ఎట్ట మర్చిపోతాడు? వాడు మనిషా, చెక్కా?

"బాగుండావా పెంచలన్నా?" అన్నాడు భాస్కర్, నిన్నో మొన్నో కలిసినట్టు. "పాత సంగతులు మనసులో పెట్టుకోబాక. నీ అంత పనోడు కావలిలో లేడంటున్నారు. ఇదిగో, టర్బో బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. ఇంజను గుర్రమే గానీ గొంతు పిల్లిది. మంచి ఎగ్జాస్ట్ వెయ్యాల. ముప్పై వేలు దాటకూడదు."

సిగ్గు లేని మొహానికి నవ్వే అలంకారం. పెంచల్ కారు కిందికి దూరినాడు. అక్కడైతే తన మొహం ఎవరికీ కనపడదు. పళ్ళు పటపటా కొరికినాడు. పెట్రోలు గొట్టం పక్కన వెల్డింగు కొంచెం చెడగొడితే చాలు, వాడూ వాడి బండీ బూడిదే. ఛీ, వాడు చస్తే నాకేమొస్తది? నాయన మీద వేసిన దొంగ ముద్ర పోతుందా? వాడు బతకాల. బతికుండి, ఊరందరి ముందూ తల దించుకోవాల. ఆ ఆలోచన వచ్చినాక పెంచల్ గుండె కుదుటపడింది.

బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "మూడు దార్లుండాయి. టర్బో దగ్గర్నుంచి తోక దాకా మొత్తం మార్చొచ్చు. లక్ష పైమాట, నీకు కుదరదు. చివరి డబ్బా ఒక్కటే మార్చొచ్చు. చవకే, కానీ శబ్దం తప్ప ఏమీ మారదు. నడిమి దారేందంటే, పొగని శుభ్రం చేసే కన్వర్టర్ జోలికి పోకుండా దాని వెనక పైపంతా మార్చడం. నీ డబ్బుకి అదే మేలు. నీది చిన్న ఇంజను, రెండుంబావు అంగుళాలు చాలు. మధ్యలో మోత తగ్గించే రెసొనేటరు పెడతా. గంభీరంగా ఉంటది, ఎవురికీ ఇబ్బంది ఉండదు."

"రెండుంబావా? అది నీళ్ళ పైపు గదన్నా! మూడంగుళాలు వెయ్యి. రెసొనేటరూ వద్దు, గిసొనేటరూ వద్దు. పడవ ఇంజను ఎంత అరిస్తే అంత లాగదూ? ఇదీ అంతే."

పడవల మీద పెరిగిన వాళ్ళందరిదీ ఇదే పిచ్చి. అరుపు వేరు, లాగుడు వేరురా నాయనా అని పాళేల నుంచి వచ్చిన ప్రతి వాడితోనూ పెంచల్ గొంతు పోయేదాకా కొట్లాడతాడు. వినకపోతే బండి వెనక్కి తోలిస్తాడు. ఈ భాస్కర్‌కి మాత్రం ఒక్కసారే చెప్పినాడు.

"మూడు వేస్తే ఒడ్డున గోలైతదబ్బాయ్. ఆలోచించుకో. ఏది కావాలో వాట్సాప్‌లో చెప్పు, కొలత మర్చిపోతా."

భాస్కర్ అక్కడే నిలబడి ఫోను నోటి దగ్గర పెట్టుకొని వాయిస్ మెసేజ్ పంపినాడు. "మూడంగుళాలే వెయ్యన్నా. రెసొనేటరు వద్దు. ఒడ్డున ఒక్కొక్కడు ఉలిక్కిపడి చావాల!"

అది కార్తీక మాసం. కవళ్ళనే చిన్న చేపలు గుంపులుగా ఒడ్డుకి దగ్గరగా వచ్చే కాలం. చప్పుడుకి గుంపు చెదురుతుంది గనక, వల నీళ్ళలో ఉన్నంత సేపూ ఉప్పరేవు ఒడ్డున మోటారు పలకకూడదు, పాట పెట్టకూడదు, ఆఖరికి పెళ్ళి మేళమైనా ఆగాల్సిందే. కట్టుబాటు తప్పినోడు పెద్దల ముందు నిలబడాల. నిలబడితే భాస్కర్ తప్పు ఒప్పుకోడు, ఇంకొకడి మీదకి తోస్తాడు. పుట్టుబుద్ధి పుడకలతో గానీ పోదు. తోసినందుకు ప్రమాణం చెయ్యాల. ఉప్పరేవులో అంతకంటే పాత కట్టుబాటు ఇంకొకటుంది. ఉప్పు పట్టుకొని ఒక్క అబద్ధమాడి దొరికినా, అంతకుముందు వాడు చేసిన ప్రమాణాలన్నీ కొట్టేస్తారు. పెంచల్‌కి కావాల్సింది ఆ ఒక్క అబద్ధమే.

చవక స్టీలు వేస్తే ఉప్పుగాలికి తొందరగా చిల్లులు పడతాయి. పెంచల్ తన లాభం వదులుకొని మేలురకం ఎంచినాడు. పైపు ముక్క ముక్కకీ అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోనిదే ఎంచినాడు. అది తుప్పు పట్టి ఊడిపోతే ఎట్ట? అరవాల, పని అయ్యేదాకా అరవాల. బిగించి స్టార్ట్ చేస్తే పక్క టీ బంకులో మనుషులు లేచి నిలబడినారు. భాస్కర్ మురిసిపోయినాడు. అంతకు రెండింతలు పెంచల్ మురిసిపోయినాడు.

పదకొండో రోజు పొద్దున ఫోను మోగింది. పెద్దల్లో పెద్ద, ఓబులేసు. నాలుగేళ్ళలో పాళెం నుంచి వచ్చిన మొదటి ఫోను. కవళ్ళ గుంపు చుట్టూ వల వేసి లాగుతుంటే భాస్కర్ స్నేహితులకి చూపించాలని కారు ఇసక మీదకి తెచ్చి అరిపించినాడంట. గుంపు చెదిరిపోయింది. అరవై ఇళ్ళ కూడు నీళ్ళపాలైంది. అడిగితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పెంచలే మోసం చేసి ఆ పైపు కట్టినాడంటున్నాడంట. వచ్చి జవాబు చెప్పమన్నాడు ఓబులేసు.

"పోరా," అంది మాలకొండమ్మ. "పొయ్యి, వాళ్ళ మొహాలు ఎట్టుండాయో చూసొచ్చి నాకు చెప్పు."

ఊరంతా ఒడ్డున చేరి ఉంది. భాస్కర్ గుప్పిట్లో ఉప్పుంది. "గంగమ్మ తోడు! నేను మెత్తగా పలికే పైపే అడిగినా. పాత కక్షతో పెంచల్ ఇది కట్టినాడు," అన్నాడు, కళ్ళార్పకుండా.

ఓబులేసు పెంచల్ వైపు తిరిగినాడు. పెంచల్ ఆ వాయిస్ మెసేజ్ వెతికినాడు. ఫోను తీసి పైకెత్తి పట్టుకున్నాడు. ఒడ్డున ఒక్కొక్కడు ఉలిక్కిపడి చావాల, అని భాస్కర్ గొంతు భాస్కర్ మొహానే మోగింది. ఇంకోసారి పెట్టమన్నారు. ఇంకోసారీ పెట్టినాడు. అబ్బ, ఆ మొహం! నాలుగేళ్ళు కన్నీళ్ళు పోసినా ఆరని మంట ఆ మొహం చూసినాక కాస్త చల్లబడింది.

"ఉప్పు కింద పెట్టరా," అన్నాడు ఓబులేసు. "నీ పాత ప్రమాణం కూడా ఈరోజుతో చెల్లదు. అప్పుడు ఇంజను ఎవురు తీసినారో ఇప్పుడు చెప్పు."

జనం మీదకి వస్తుంటే భాస్కర్ ఇసకలో కూలబడినాడు. "నేనే. నేనే అమ్ముకున్నా. వెంకయ్య మామ అటు రానే రాలా."

ఆడవాళ్ళెవరో ఏడుపందుకున్నారు. ఓబులేసు లేచొచ్చి పెంచల్ చెయ్యి పట్టుకున్నాడు. "తప్పైపోయింది నాయనా. వెంకయ్య ఇంటి మీద దురాయి ఎత్తేసినాం. అమ్మని తీసుకొని రా. మీ ఇల్లు మీదే, వలలో మీ వాటా మీదే."

పెంచల్ మెల్లగా ఆ చెయ్యి విడిపించుకున్నాడు.

"నాకు చెప్తావేంది పెద్దాయనా? దురాయి వేసింది మా నాయన మీద గదా. ఆయన్ని పిలిచి చెప్పండి."

"ఆయన లేడు గదయ్యా..."

"లేడని మీకు ఆ రోజే తెలుసు. తెలిసీ ఒక్కరు రాలా." పెంచల్ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసినాడు. అమ్మకి చెప్పాల గదా. "ఇప్పుడు నేనేస్తున్నా దురాయి, ఈ పాళెం మొత్తం మీద. నా గడపలో మీకు నిప్పు లేదు, నీళ్ళు లేవు, మాట లేదు. మా నాయన వచ్చి ఎత్తేదాకా."