శుక్రవారం ఒంటిగంట

కొడుకు అడిగింది ఒకే ఒక్క కాగితం. అది తెస్తే గడప తొక్కనిస్తానన్నాడు, తన పసిపిల్లని తాత ఒళ్ళో పెడతానన్నాడు. మెత్వల్లీకి అంతకన్నా కావలసిందేముంది? రెండో పెళ్ళాం అవాతిఫ్ పోయి ఏడాదైంది. ఆమెకు పిల్లల్లేరు. ఇంట్లో పలకరించేది రేడియో ఒక్కటే.

మొదటి భార్య రతీబాకి విడాకులిచ్చేనాటికి రిఫాత్‌కి మూడేళ్ళు నిండలేదు. పిల్లాడు తల్లి దగ్గరే ఉండాలి, శుక్రవారం శుక్రవారం పట్నంలోని యువజన కేంద్రంలో మూడు గంటలసేపు తండ్రికి చూపించాలి, ఎవరెప్పుడు వచ్చిందీ అక్కడి రిజిస్టరులో రాయాలి అని కోర్టు చెప్పింది. ఒక్క చలికాలం నడిచింది ఆ ముచ్చట. తర్వాత మెత్వల్లీ అవాతిఫ్‌ని చేసుకున్నాడు, కొడుకు ఊసెత్తలేదు.

మూడేళ్ళ కిందట అతనికి కొడుకు గుర్తొచ్చాడు. మైక్రోబస్సుల అడ్డాకి వెళ్ళి, స్టీరింగు ముందున్న కుర్రాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ప్రతి శుక్రవారం వచ్చాన్రా. మీ అమ్మ ఒక్కనాడు నిన్ను నా కళ్ళబడనివ్వలేదు."

రిఫాత్ ఆ మాట మోసుకెళ్ళి తల్లి మొహాన కొట్టాడు. "వెళ్ళాంరా, ఆ మనిషే లేడు" అని ఆమె ఖురాను మీద చెయ్యేసి చెప్పింది. కొడుకు నమ్మలేదు. ఒకే కప్పు కింద ఉంటూ రెండేళ్ళు ఆమె చేతి టీ ముట్టలేదు. పోయిన చలికాలం ఆమె కన్నుమూసింది. చివరిసారి అన్నది ఒకటే: "కోర్టులో రాసుంటుంది. చూసుకో."

అందుకే కాగితం.

కోర్టు పాత దస్తావేజులన్నీ నేలమాళిగలో ఉంటాయి. అక్కడి గుమాస్తా మదీహా, అన్నం కూరడానికి బల్లమీద వంకాయలు తొలుచుకుంటోంది.

"రేపు రండి హాజీ."

"నిన్నా అదే అన్నావు కదమ్మా."

"నిన్న మీమీద జాలేసి అన్నాను. ఇవాళ నిజంగా అంటున్నాను. ఎలుకలు కడుపునిండా తిని ఏమైనా మిగిల్చి ఉంటే మీ అదృష్టం."

నాలుగో రోజుకి దొరికింది. కేసు కాగితాలకి రిజిస్టరు పేజీలు కుట్టి ఉన్నాయి. మదీహా తిరగేస్తూ తిరగేస్తూ చేతిలో కత్తి పక్కన పెట్టింది.

"ఇది మీకెందుకు హాజీ?"

"నా కొడుక్కి చూపించాలి. నా సంతకాలున్నాయా లేవా?"

"ఉన్నాయి. ఒక్క శుక్రవారం తప్పలేదు."

"విన్నారా!" మెత్వల్లీ బల్ల చరిచాడు. అక్కడ వినడానికి ఇంకెవరూ లేరు.

"మొత్తం చదివారా?"

"నా సంతకం నేను చదువుకోవాలా? నకలు తియ్యి. సర్కారు గద్ద ముద్ర స్పష్టంగా పడాలి, మసకబారితే వాడు ఒప్పుకోడు. గట్టిపిండం, నా పోలిక."

మదీహా అతన్ని ఎగాదిగా చూసింది. "మీ పోలిక రాకుండా అల్లా కాపాడాలి" అని, బల్ల అదిరేట్టు ముద్ర గుద్దింది.

ఆఫీసు ఆడవాళ్ళకి నోరెక్కువ అనుకున్నాడు మెత్వల్లీ. అతను అబద్ధమాడలేదు మరి. వెళ్ళాడు, సంతకం పెట్టాడు. మిగతాది మరిచిపోయాడు. మనిషి తనకి పనికొచ్చినంతవరకే గుర్తుంచుకుంటాడు.

అడ్డాలో రిఫాత్ బండి రతీబా పుట్టినూరు మీత్ జర్ఫాన్ వెళ్ళే జనంతో నిండుతోంది. తండ్రి కిటికీలోంచి కాగితాలు అందించాడు.

"చూసుకో. గద్ద రెక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు."

రిఫాత్ వేలు పెట్టి చదివాడు. ఒక్కో శుక్రవారానికి రెండేసి వరుసలు. పైన: తండ్రి, వచ్చింది ఒంటిగంట, వెళ్ళింది ఒకటిన్నర. కింద: తల్లి, పిల్లాడు, వచ్చింది రెండు, వెళ్ళింది నాలుగు. పేజీ తిప్పాడు. అదే. ఇంకోటి. అదే. అన్నిటికన్నా చివర, మొదటి శుక్రవారానికి ముందే పెట్టిన అర్జీ ఒకటి ఉంది: మధ్యాహ్నం మూడింటి వేళ నాకు కుదరదు, ఒంటిగంటకి మార్చవలసిందని. కింద మెత్వల్లీ సంతకం.

"శుక్రవారం మా ఊళ్ళో మొదటి బండి ఎప్పుడు తీస్తారు?"

"నమాజయ్యాక."

"డ్రైవర్లంతా మసీదులోనే ఉంటారు. నమాజయ్యి, బండి నిండి, ఎంత తొక్కినా రెండింటికి ముందు పట్నం రాదు. నాలుగేళ్ళుగా ఈ రోడ్డే తోలుతున్నాను. నువ్వు ఆ ఊరి అల్లుడివి. నీకు తెలీదూ?"

మెత్వల్లీ కిటికీ అంచు పట్టుకున్నాడు. "లాయరు చెప్పాడ్రా... పిల్లాణ్ణి తేలేదని నాలుగుసార్లు రాయిస్తే నిన్ను మీ నాయనమ్మకి ఇప్పిస్తారని. రాసేవాడు ముండాకొడుకు కింది వరుస కూడా రాశాడు, కేసు పోయింది. నీకోసమే కదరా చేసింది! నిన్ను తెచ్చుకోవాలనే కదా!"

"అరగంట ఆగితే నేనే వచ్చేవాణ్ణి."

వెనకసీటులోంచి ఒకావిడ అరిచింది. "నాయనా, నా బాతులు గంపలోనే ఉడికిపోతున్నాయి. మీ తండ్రీకొడుకుల పంచాయితీ తర్వాత పెట్టుకోండి!"

రిఫాత్ కాగితాలు మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. "రెండేళ్ళు ఆమె చేతి టీ తాగలేదు నేను" అన్నాడు, రోడ్డు వంక చూస్తూ. తర్వాత టీ కొట్టు పక్కనున్న పాత టైరు చూపించాడు.

"అక్కడ కూర్చో. తిరిగి రావడానికి మూడు గంటలు పడుతుంది. ఉంటే చూద్దాం."

మెత్వల్లీ కూర్చున్నాడు. ఎండ నెత్తిమీదికొచ్చి, మోకాళ్ళమీదికి దిగింది.

"ఎవరికోసం హాజీ?" అన్నాడు టీ కొట్టువాడు.

"నా కొడుకు. వస్తాడు."

"నీడలోకి రండి, మాడిపోతారు."

"కూర్చోమన్నది ఇక్కడ."

దాహమేసింది, లేవలేదు. ఒంటికి వెళ్ళాలనిపించింది, పళ్ళు బిగబట్టాడు. సాయంత్రపు నమాజు పిలుపు వినబడితే అందరూ లేచారు, అతను లేవలేదు. మనసులో మాత్రం హాయిగా ఉంది. వాడి కోపం ఇంతే, కన్నకొడుకు కదా అనుకున్నాడు. మనవరాలికి ఏం కొనాలా అని కూడా ఆలోచించాడు.

బండి వచ్చింది. జనం దిగారు. రిఫాత్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మెత్వల్లీ నడుం పట్టుకుని లేచి, చేతులు చాచాడు.

"చూడరా, కదల్లేదు. మంచినీళ్ళక్కూడా లేవలేదు. వీణ్ణడుగు."

"అడగక్కర్లేదు. ఆగడం నీకు చేతనవునో కాదో చూద్దామనుకున్నాను."

వెనుదిరిగి వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. మెత్వల్లీ కుంటుకుంటూ వెంటపడి ముందు తలుపు పిడి పట్టుకున్నాడు. రిఫాత్ లోపల్నుంచి ఒరిగి గడియ నొక్కాడు.

"జాగా లేదు" అన్నాడు.

బండిలో ఇంకా ఒక్క మనిషీ ఎక్కలేదు.