ఇంట్లో పట్టని లెన్సు

ఏసుకుమార్‌కు ఊళ్ళో ఇంకో పేరుంది. పెట్టె కుమార్. ఎవరు పెట్టారో తెలియదు గాని, పెట్టినవాళ్ళు ప్రేమగానే పెట్టారు. అదే వాడి ప్రాణం మీదికి వచ్చింది.

ఓర్వకల్లుకు అవతల ఆ పేటలో ముప్పాతిక ఇళ్ళు క్రైస్తవులవి. ఎవరైనా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే, పాస్టరుగారు ప్రార్థన చేశాక, శవపెట్టెకు మూత వేయకముందు, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి ఫోటో తీయించుకుంటారు. పెద్దకొడుకు తలవైపు నిలబడతాడు, చిన్నపిల్లలను ముందు కూర్చోబెడతారు. బతికినన్నాళ్ళూ ఒక్క ఫోటోకూ నోచుకోని మనిషికి అదే మొదటిది, అదే ఆఖరుది. దాన్ని పటం కట్టించి గోడకు తగిలించుకుంటారు. ఓర్వకల్లులో పుల్లయ్య స్టూడియోలో పని నేర్చిన నాటి నుంచి ఆ ఫోటోలన్నీ తీసింది కుమారే. స్టూడియో కెమెరా అడిగి తెచ్చుకునేవాడు. ఇరుకు సందుల్లో, వెలుతురు లేని గదుల్లో, ఏడ్చేవాళ్ళ మధ్య దారి చేసుకుని, స్టూలు ఎక్కి తీసేవాడు. చెప్పొద్దూ, బాగా తీసేవాడు కూడా.

అయితే పెళ్ళికి మాత్రం ఒక్క ఇంటివాళ్ళూ పిలిచేవారు కాదు. ఒకసారి చుట్టాల పెళ్ళికి భోజనానికి వెళ్ళి, సరదాపడి కెమెరా బయటికి తీశాడు. పెళ్ళికూతురి మేనత్త చెయ్యి అడ్డం పెట్టి, "శుభమా అని పెండ్లి జరుగుతాంటే నువ్వెందుకప్పా, పక్కకు పో" అంది. పంక్తిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ రోజు వాడు విస్తరి ముందు కూర్చోకుండానే ఇంటికి వచ్చేశాడు. అప్పటి నుంచీ ఎవరి పటం చూసినా వాడికి తల కొట్టేసినట్టుండేది.

ఇంతలో పుల్లయ్య స్టూడియో ఎత్తేసి నంద్యాల వెళ్ళిపోయాడు. అడిగి తెచ్చుకునే కెమెరా కూడా లేకపోయింది. సొంతానికి ఒకటి కొనక తప్పదు. ఎయిర్‌పోర్టు పక్కన ఫ్యాక్టరీలో కూలికి పోయి కుమార్ కొంత కూడబెట్టాడు. అది చాలకపోతే వాళ్ళ నాయనమ్మ, జేజి విశ్వాసమ్మ, తన పొట్టేలును అమ్మించింది. కోతల పండక్కి చర్చికి ఇద్దామని పెంచుకున్న పొట్టేలు అది. జేజి తుంటి విరిగి ఏడాదిగా మంచంలోనే ఉంది. కుమార్ అమ్మానాన్న మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయారు. ఇంట్లో వీళ్ళిద్దరే.

"నాకేం వద్దు నాయనా" అంది జేజి. "మొదటి ఫోటో మాత్రం నాది తియ్యి. పెట్టెలో పండుకోబెట్టి కాదు, బతికుండంగ. ఈ ఇంట్లోనే, మీ జేజినాయన పటం కింద కూచుంటా. పటంలో ఆయప్ప కండ్లు మూసుకోనుండాడు. నేనన్నా తెరుసుకోనుండల్ల గదా."

"అట్లనే జేజీ" అన్నాడు వాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

కర్నూలులో శిల్ప అని ఒకామె ఉంది. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తుంది, పాత కెమెరాలు కొని అమ్ముతుంది. కుమార్ నెలల తరబడి ఫోన్లో వీడియోలు చూసి సెన్సరనీ, ఫోకస్సనీ అన్నీ బట్టీపట్టి ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఆమె వాడి బడ్జెట్టు విని, కొంచెం అరిగిన కెమెరా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. "బాడీ పాతదైనా ఏం కాదు. దుడ్లు లెన్సు మీద పెట్టు. ఒకటే వస్తాది నీకు" అంటూ దాని పక్కన రెండు లెన్సులు పెట్టింది. ఒకటి అరచేతిలో ఇమిడేంత చిన్నది, చూస్తే పిల్లలాడుకునే బొమ్మలాగుంది. రెండోది మూరెడు పొడుగు, నల్లగా, ముందు గొట్టం తగిలించి దర్జాగా ఉంది. ధర ఇంచుమించు రెండింటిదీ ఒకటే.

"ఏం తీస్తాంటావు నువ్వు ఎక్కువ? యాడ తీస్తావు?" అని అడిగింది శిల్ప.

అడగవలసిన ప్రశ్నే. జవాబు కూడా కుమార్‌కు తెలుసు. కానీ అదే సమయానికి పక్కన కుర్చీలో భూపేష్ కూర్చుని ఉన్నాడు. ఊరిపెద్ద కృష్ణవేణమ్మ మనవడు. మెళ్ళో అలాంటి పొడుగు లెన్సే వేలాడుతోంది. పెళ్ళి కుదిరిన జంటలను ఓర్వకల్లు రాళ్ళ మీద నిలబెట్టి ఫోటోలు తీస్తాడని జిల్లా అంతా వాడికి పేరు. వాడి ముందు, పెట్టె పక్కన స్టూలెక్కి తీస్తానని ఎలా చెప్పడం?

"ప్రీ వెడ్డింగులు అక్కా" అన్నాడు కుమార్. "రాళ్ళకాడ."

భూపేష్ ఫోన్లోంచి తలెత్తి, "మనోడే అయితే" అన్నాడు. ఆ ఒక్క మాటకు కుమార్ ఒళ్ళు ఉబ్బింది.

"ఇండ్లల్లో తీసేదేం లేదా? ఉంటే ఈ చిన్నది తీస్కో" అంది శిల్ప. "చీకటి గదిలో గూడా బాగొస్తాది, గదంతా పడ్తాది. ఈ పెద్దదాంతో ఇంట్లో నిలబడితే ముక్కు తప్ప ఏం రాదు. మళ్ళా నన్నంటావు."

"లేదక్కా. ఇండ్లల్లో తీసే పనే లేదు నాకి."

అంటున్నప్పుడు వాడికి జేజి గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. బయట కూర్చోబెట్టి తీద్దాంలే అనుకున్నాడు. పైగా లోపల ఇంకో కుళ్ళు ఆలోచన కూడా ఉంది, దాచడమెందుకు. ఈ పొడుగుదాన్ని కొంటే ఇక ఎవరూ వాడిని పెట్టె దగ్గరికి పిలవలేరు. పిలిచినా, దీంతో రాదని చెప్పి తప్పించుకోవచ్చు. అలా సొంత పేట ఇళ్ళలో పట్టదని తెలిసి మరీ దాన్ని కొనుక్కుని బస్సెక్కాడు.

ఇంటికి వచ్చేసరికి జేజి తయారై ఉంది. పక్కింటి పెద్దక్కను బతిమాలి తల దువ్వించుకుని, చర్చికి కట్టే తెల్లచీర కట్టించుకుని, గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుంది. పైన జేజినాయన పటం. కుమార్ కెమెరా ఎత్తాడు. కంటికి జేజి ముక్కూ ఒక చెంపా కనబడ్డాయి. వెనక్కి జరిగాడు. లెన్సు గిర్రుమని ముందుకూ వెనక్కూ తిరిగిందే గాని ఎక్కడా ఫోకస్సు కుదరలేదు. ఇంకా వెనక్కి జరిగితే వీపుకు బియ్యం డబ్బా తగిలింది. గడప దాటి వాకిట్లోంచి చూస్తే గదంతా చీకటి గుయ్యారం, అందులో తెల్లచీర ముక్క. జేజి మాత్రం అంతసేపూ నవ్వు చెదరనీయకుండా కూర్చుంది.

"అయిందా నాయనా?"

"బ్యాటరీ అయిపోయింది జేజీ."

అది మొదటి అబద్ధం. మర్నాడు కరెంటు పోయిందన్నాడు. ఆ తర్వాత మెమొరీ కార్డు రావాలన్నాడు. మధ్యలో ఒకసారి ఫోనుతో తీస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "ఫోన్లో ఎవరైనా తీస్తారు. నా పొట్టేలుతో తెచ్చినావే, దాంతో తియ్యి" అంది. పోనీ బయట తీస్తానందామంటే నోరు రాలేదు. తుంటి విరిగిన రోజు నలుగురు కలిసి మంచాన్ని వీధిలోంచి మోసుకుపోతుంటే జనమంతా వాకిళ్ళలోకి వచ్చి చూశారు. ఆ అవమానానికి ఆమె, "ఇంగొకసారి నేను ఈ గడప దాటేది సమాధుల దిబ్బకే" అని ఒట్టు పెట్టుకుంది. పాస్టరుగారు రమ్మన్నా చర్చికి పోలేదు, రొట్టె ద్రాక్షరసం ఇంటికే తెప్పించుకుంది. ఆ సంగతి లెన్సు కొన్నప్పుడూ కుమార్‌కు తెలుసు.

ఒకరోజు ధైర్యం చేసి, లెన్సు మార్చుకుందామని బస్టాపు దాకా వెళ్ళాడు. బస్సు వచ్చింది. శిల్పక్కకు ఏం చెప్పాలి? ఆ రోజు అబద్ధం చెప్పానక్కా అనాలి. భూపేష్ అక్కడే ఉంటే? ఆలోచిస్తుండగానే బస్సు పోయింది. వాడు ఎండలో తిరిగి వచ్చాడు. జేజి ఆ రోజు కూడా తెల్లచీరలోనే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక కుమార్ నీళ్ళ క్యాన్లు తేవడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం. క్యాన్లు అక్కడే వదిలి పరుగెత్తాడు. దాసన్న, ఓబన్న, ఇంకో ఇద్దరు జేజి మంచాన్ని గడప దాటించి వీధిలోకి తెస్తున్నారు. దాసన్న వాళ్ళకు రెండిళ్ళ అవతల ఉంటాడు. పోయినేడు వాళ్ళావిడ పోతే పెట్టె ఫోటో తీసింది కుమారే. మంచం మీద జేజి ఒక చేత్తో పట్టె పట్టుకుని, ఇంకో చేత్తో చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. వాకిళ్ళలోంచి అందరూ చూస్తున్నారు.

"ఏందిది?" అన్నాడు కుమార్.

"మీ జేజే తెమ్మనె" అన్నాడు దాసన్న. "నీ కెమెరా శానా పెద్దదంట గదా, ఇంట్లో పట్టల్యాదంట. పిల్లోడు చెప్పలేక ఇదైపోతాండాడు, బయటికి తీస్కపోండప్పా అని నా చెయ్యి పట్టుకొన్యాది."

పెద్దక్క పటాన్ని తెచ్చి తలుపు పక్క మేకుకు తగిలించింది. జేజి కొంగు దించి, చీర సర్దుకుంది. "ఇప్పుడు తియ్యి నాయనా. శానా వెలుతురుండాది" అంది.

కుమార్ కెమెరా తెచ్చాడు. జేజీ, ఇల్లూ, పటమూ పట్టాలంటే వెనక్కి నడవాలి. నడిచాడు. వీధి మలుపు దాకా వెళ్ళాడు. అక్కడి నుంచి జేజి చెయ్యంత మనిషిగా కనబడింది. ఆమెకు ఒక కంట్లో శుక్లం, రెండో కన్ను అంతంత మాత్రం. వాడు ఎక్కడున్నాడో ఆమెకు కనబడటం లేదు.

"యాడుండాడు వాడు?" అని పక్కవాళ్ళను అడుగుతోంది. వాళ్ళు చెయ్యి చూపిస్తే ఆ చేతి వైపు కాక కరెంటు స్తంభం వైపు తిరిగింది. స్తంభాన్ని చూసి, పళ్ళు లేని నోటితో, నిండుగా నవ్వింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఈ పక్క జేజీ" అని కుమార్ అరిచాడు. ఆమె ఇంకోవైపు తిరిగింది. వాడు లెన్సు ముందుకు తిప్పాడు. జేజి మొహం ఒక్కసారిగా కంటికి ఆనేంత దగ్గరికి వచ్చింది. నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం వాడి కోసం గాలిలో వెతుక్కుంటున్నాయి, చెంపల మీద తడి. వాడి వేలు బటన్ మీదే ఉండిపోయింది. నొక్కలేకపోయాడు.

కెమెరా దించి, ఆ వీధంతా నడిచి మంచం దగ్గరికి వచ్చాడు.

"అయిందా?" అంది జేజి, వాడి చెయ్యి తడుముకుంటూ. "ఏమనుకోకు నాయనా. ఇల్లు చిన్నదైపాయ. ఇంగో గజం పెద్దగ కట్టల్లనే అనుకొన్యాడు మీ జేజినాయన. రాళ్ళు చాలల్యా ఆయప్పకు."

పోయిన మనిషి తరఫున కూడా ఆమె వాడికే సంజాయిషీ చెప్పుకుంటోంది.

"ఇల్లు చిన్నది కాదు జేజీ" అన్నాడు. "ఇంట్లో తీసేది వేరే ఉండె. అదీ ఇంతకే వస్తాండె. అంగట్లో ఆమె చెప్పింది గూడా. నేనే వద్దన్నా."

"ఎందుకప్పా?"

'తెలియక' అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరే ఉంది. చుట్టూ దాసన్న, పెద్దక్క, ఓబన్న, వాడు స్టూలెక్కి తీసిన పటాలు గోడలకు పెట్టుకున్నవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. వాళ్ళ మొహాల మీదే చెప్పాలి.

"ఇండ్లల్లో తీసే పని లేదన్నా ఆమెతో" అన్నాడు కుమార్. "మళ్ళా పెట్టెల దగ్గరికి పిలుస్తారని. సిగ్గయింది నాకి."

పెద్దక్క పటాన్ని మేకు మీంచి తీసి కొంగుతో తుడిచింది. జేజి చెయ్యి వాడి చేతి మీదే ఉంది, తీసుకోలేదు, నొక్కలేదు. దాసన్న తువ్వాలు భుజాన వేసుకుని వంగాడు.

"ఆ పక్క పట్టుకోప్పా" అన్నాడు. "ఎండ తగుల్తాండాది ఆయమ్మకి. లోపలికి తీస్కపోదాం."

కుమార్ కెమెరాను వీపు మీదికి తోసుకుని మంచం కోడు పట్టుకున్నాడు. మంచం గడపలో సులువుగానే పట్టింది. వాడు దాటుతుంటే వీపు మీది లెన్సు ద్వారబంధానికి టంగుమని కొట్టుకుంది.

"పగిలిందేమో చూడు నాయనా" అంది జేజి.

వాడు చూడలేదు. రెండు చేతులా మంచం పట్టుకుని, తల వంచుకునే లోపలికి నడిచాడు.