ఇటలీ అలగలేదు

చీటీ తీస్తే నాకు ఇటలీ వచ్చింది. ప్రొఫెసర్ మెక్‌నీల్ నావైపు జాలిగా చూశారు. పదకొండేళ్ళుగా ఆయన ఈ ఆట ఆడిస్తున్నారట. ఇటలీ వచ్చినవాళ్ళలో ఒక్కరికీ ఫ్యూమే రేవు దక్కలేదట.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్‌లో సంధి కోసం కూర్చున్న నలుగురు నేతల్లా మేం నలుగురం కూర్చోవాలి. ఒక్కొక్కరికి ఒక్కో లక్ష్యం. ఇటలీది, తన సరిహద్దు పక్కనున్న ఫ్యూమే రేవు సంపాదించడం. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల నలుగురూ ఒకే ఒప్పందం మీద సంతకాలు పెట్టకపోతే అందరికీ సున్నా. పెడితే, ఎవరు ఎంత సాధించారో చూసి నలభైకి మార్కులు వేస్తారు. కోర్సు పాసవడానికి నాకు ఇరవై ఎనిమిది కావాలి. పాసైతేనే హాలిఫాక్స్ రేవు పక్కనున్న మ్యూజియంలో గైడ్ ఉద్యోగం. పెళ్ళికి ముందు చదివిన నా చరిత్ర బి.ఏ.ని ఎవరైనా పట్టించుకోవడం ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

అమెరికా కోదండరామ్ గారికి వచ్చింది. ఆయన రిటైరైన గుండె డాక్టరు, రేవుకి అవతలి ఒడ్డున డార్ట్‌మత్‌లో మా వీధే. ఇద్దరం ఫెర్రీలో కలిసే క్లాసుకి వస్తాం. ఫ్రాన్స్ కావ్యశ్రీకి వచ్చింది. వరంగల్ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బ్రిటన్ గ్రెగ్‌కి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు నేవీలో చేసి ఈ మధ్యే ఒడ్డుకి చేరాడు.

అమెరికా కోరిక, మళ్ళీ యుద్ధం రాకుండా నానాజాతి సమితి పెట్టడం. డాక్టర్ గారికి ఆ వేషం కొలతలు తీసి కుట్టినట్టు కుదిరింది. తలా ఒక వంట తెచ్చే మా పాట్‌లక్ విందుల్లో పప్పు చల్లారేదాకా ఉపన్యాసం ఇచ్చేది ఆయనే. చరిత్రలో అమెరికా అధ్యక్షుడు పద్నాలుగు సూత్రాలు తెచ్చాడు. డాక్టర్ గారు పదిహేడు తెచ్చారు.

ఫ్రాన్స్‌కి జర్మనీ మళ్ళీ తలెత్తకూడదు. బ్రిటన్‌కి సముద్రం మీద తన మాట చెల్లాలి. సమితి ఊసు ఇద్దరికీ పట్టలేదు. నేను ఫ్యూమే అడిగితే, అది ఎవరికి చెందాలో అక్కడి జనం తేల్చుకోవాలని అమెరికా పాఠం చెప్పింది. ఇటలీ ఇక్కడ లేచి వెళ్ళిపోవాలి కదా అని గ్రెగ్ మర్యాదగానే గుర్తుచేశాడు.

నిజమే. ఆనాటి ఇటలీ ప్రధాని అలిగి రోమ్ వెళ్ళిపోయాడు. మిగతా ముగ్గురూ తమ పని తాము కానిచ్చుకున్నారు. రెండు వారాలు చూసి ఆయనే తిరిగొచ్చాడు. ఆయన బాధ నాకు తెలుసు. మా పెళ్ళిలో మావారు మహీధర్ వాచీ కోసం అలకపాన్పు ఎక్కారు. అదే సమయానికి భోజనాల బంతి మొదలైంది. బతిమాలాల్సిన మా బాబాయిలు వడ్డనలో పడి ఆ సంగతే మర్చిపోయారు. మూడో బంతికి పెళ్ళికొడుకు తనంతట తనే వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. బతిమాలేవాళ్ళు లేని చోట అలగకూడదని నాకు ఆ రోజే తెలిసింది. నేను కుర్చీలోంచి కదల్లేదు.

పదకొండుంబావుకి డాక్టర్ గారు ఏడో సూత్రం ఎత్తుకున్నారు. గ్రెగ్ కాఫీకి లేచాడు. కావ్యశ్రీ ఫోన్ చూసుకుంటోంది. డాక్టర్ గారు కాగితాలు సర్దుకుని, తను లేకుండానే కానివ్వమని చెప్పి బయటికి వెళ్ళిపోయారు. అలిగింది అమెరికా.

"పోనీ తియ్ అక్కా," అంది కావ్యశ్రీ. "ఆకలైతే ఆయనే వస్తడు."

ఆయనకి ఆకలయ్యేసరికి మాకు సున్నాలు పడతాయి. వెనకే వెళ్ళాను.

వరండా కిటికీ దగ్గర నిలబడి ఆయన ఓడలు చూస్తున్నారు. నేను లోపలికి రమ్మని అడగలేదు. ఏడో సూత్రం సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చదవమన్నాను. చదివారు. ఎనిమిదోదీ చదివారు. తొమ్మిదో దాని మీద సందేహం అడిగాను. పదిహేడూ అయ్యేసరికి మొహం తేటపడింది.

"మీ సమితి బాగుంది డాక్టర్ గారూ. చేతికి ఒక పని ఇచ్చి చూపిస్తే వాళ్ళూ నమ్ముతారు. ఫ్యూమే ఎవరికీ వద్దు. సమితికే ఇచ్చేయండి."

ఆయనకి నచ్చింది. అక్కడే కిటికీ గట్టు మీద పెట్టి రాయడం మొదలుపెట్టారు. రేవు నడపడానికి మొదటి అయిదేళ్ళు ఇటలీ నుంచి ఒక కమిషనర్ ఉంటాడని కూడా రాయమన్నాను. పెన్ను ఆగింది.

"ఇటలీ నుంచే ఎందుకమ్మా?"

"దగ్గర కదండీ."

కళ్ళజోడు మీదుగా చూశారు. "ముప్ఫై అయిదేళ్ళు పేషెంట్లు చెప్పే అబద్ధాలు విన్నవాణ్ణి, శాంతమ్మా. నాకు తెలీదనుకోకు."

"తెలిసే రాస్తారని అడుగుతున్నానండీ."

"లోపల ఆ ఇద్దరిచేతా సమితికి ఊఁ అనిపించగలవా?"

"అది నాకు వదిలెయ్యండి."

రాశారు.

లోపల పెద్దగా కష్టపడలేదు. జర్మనీ మళ్ళీ లేస్తే ఫ్రాన్స్ వెనక సమితి మొత్తం నిలబడుతుందని కావ్యశ్రీకి చెప్పాను. సమితికి సొంత ఓడలు లేవు, ఎవరివి అడుగుతుందో ఊహించుకోమని గ్రెగ్‌కి చెప్పాను. గ్రెగ్ కాఫీ పక్కన పెట్టి పెన్ను అడిగాడు. పన్నెండుకి మూడు నిమిషాలుండగా నాలుగో సంతకం పడింది.

ప్రొఫెసర్ ఫ్యూమే నిబంధన రెండుసార్లు చదివారు. జెండా సమితిదైనప్పుడు రేవు ఇటలీకి దక్కినట్టు ఎలా అవుతుందన్నారు.

"తాళాలు మా దగ్గరుంటాయి," అన్నాను.

ప్రొఫెసర్ జెండా లేనందుకు పది మార్కులు కోసి ముప్ఫై వేశారు. డాక్టర్ గారికి ముప్ఫై ఆరు. వచ్చేవారం పాఠంలో అమెరికా సెనేట్ ఈ ఒప్పందాన్ని తిప్పికొట్టబోతోందని ఆయనకీ తెలుసు. ఆ పూటకి మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

వరండాలోంచే మ్యూజియంకి ఫోన్ చేసి పాసయ్యానని చెప్పాను. అభినందించారు. ఉద్యోగం కాగితం మెయిల్ చేశాం, సంతకం పెట్టి సోమవారం తెమ్మన్నారు. అక్కడే నిలబడి చదివాను. మంచి కాగితమే. సెలవుల దగ్గర రెండు వాక్యాలు మారిస్తే చాలు. సోమవారం వాళ్ళ మేనేజర్‌ని ముందు తన మ్యూజియం గురించి చెప్పమంటాను.