పది మీటర్లు తక్కువ

ఆ శివారు మెట్రో స్టేషనుకు పుట్టినప్పటి నుంచీ ఒక లోపం ఉంది. రైలు ఎంత బుద్ధిగా ఆగినా చివరి బోగీలోని ఆఖరి తలుపు ప్లాట్‌ఫారం దాకా రాదు, అందుకని తెరుచుకోదు. కొత్తవాళ్లు దాని ముందు నిలబడి ఎదురుచూసి, రైలు కదిలాక నాలిక కరుచుకుని, తర్వాతి స్టేషనులో దిగి వెనక్కి వస్తుంటారు.

ముప్పై నాలుగేళ్ల కిందట ఈ నిర్వాకం చేసింది ఎవరో సర్వేయరుగారికి బాగా తెలుసు. ఎందుకంటే చేసింది ఆయనే.

అప్పుడాయన ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు. ప్లాట్‌ఫారం పొడవు కొలవడానికి చేతికిచ్చిన ముప్పై మీటర్ల టేపుకు మొదటి రెండు మీటర్లు తెగిపోయి ఉన్నాయి. పరిచిన ప్రతిసారీ రెండు తగ్గించి రాసుకోమన్నారు. ఆయన ఐదుసార్లు పరిచారు, ఐదుసార్లూ ముప్పై అనే రాశారు. కాంక్రీటు గట్టిపడ్డాక గానీ సంగతి బయటపడలేదు. పై అధికారి తలపట్టుకుని, కొత్తవాడి ఉద్యోగం ఊడుతుందని జాలిపడి, "ఉత్తరం చివర భూమిలో బండరాయి తగిలినందున పది మీటర్లు తగ్గించడమైనది" అని ఫైలులో రాసేశాడు. ఆ పుణ్యాత్ముడు ఇప్పుడు లేడు. రాయి మాత్రం ఫైలులో చెక్కుచెదరకుండా ఉంది.

ఆ రాయి ఒక శనివారం పొద్దున్న సర్వేయరుగారి నెత్తినే పడింది. ఆయన భార్య స్టేషనుకు ఎదురుగా కుట్టు దుకాణం నడుపుతుంది. వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. రిటైరయ్యాక సర్వేయరుగారు ఆ దుకాణంలోనే ఓ మూల కుర్చీలో పేపరు చదువుకుంటూ, అడిగినప్పుడు బొత్తాల డబ్బా అందిస్తూ హాయిగా ఉన్నారు. అక్కడికి మెట్రోలో పనిచేసే ఇంజనీరమ్మాయి కబురు చెప్పడానికి వచ్చింది.

"ప్లాట్‌ఫారం పొడవు పెంచుతున్నామండీ. గోడకు స్టేషను చరిత్ర రాసిన బోర్డు కూడా పెడతాం. కాకపోతే కింద బండ ఉందట కదా, పగలగొట్టాలి. ఆరు నెలలు స్టేషను మూసేస్తాం."

"రాయి లేకపోతేనో?" అన్నారు సర్వేయరుగారు, పేపరులోంచి తలెత్తకుండా.

"లేకపోతే మూడు వారాల పని. మూయక్కర్లేదు కూడా. కానీ ఫైలులో ఉన్నదాన్ని బట్టే పోవాలి కదండీ."

టైలరమ్మ కత్తెర ఆగిపోయింది. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లలో ముప్పాతికమంది రైలు దిగి వచ్చేవాళ్లే. ఆరు నెలలంటే దుకాణానికి తాళమే.

"స్టేషను కట్టడానికి రాయున్న చోటే దొరికిందా?" అంది. "ఆ చోటు చూసినవాడెవడో ఒక్కసారి నా చేతికి చిక్కాలి." ఆ స్టేషను కొలిచింది తన మొగుడేనని తెలియక, పెళ్లయినప్పటి నుంచీ అంటున్న మాటే.

సర్వేయరుగారి గుండెలో రాయి పడింది. ఆయన భయం మెట్రోవాళ్ల గురించి కాదు. స్టేషను తెరిచిన మొదటి ఏడాదంతా మనసు ఊరుకోక ఆయన రోజూ చివరి బోగీ ఎక్కి, "ఈ తలుపు తెరుచుకోదండీ, ముందుకు రండి" అని అందరికీ దారి చూపేవారు. కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్లే ఒకమ్మాయి అది చూసింది. ఎవరూ అడక్కుండా ఇంత మేలు చేసే మనిషి ఉంటాడా అనుకుని ఆయన్నే చేసుకుంది. ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ కథ చెప్పి మురిసిపోతుంది. ఆ మురిపెం పోతుందని ఆయన భయం.

కానీ కత్తెర మళ్లీ కదలడం లేదు. ఆమె కిటికీలోంచి స్టేషను వైపే చూస్తోంది. అది చూసి ఆయన పేపరు మడిచేశారు.

"అక్కడ రాయీ లేదు, రప్పా లేదమ్మా. నేనే తప్పు కొలిచాను" అని, టేపు సంగతీ ఫైలు సంగతీ పూసగుచ్చినట్టు చెప్పేశారు.

ఇంజనీరమ్మాయి కాసేపు నోరు తెరుచుకుని విని, గబగబా రాసుకుంది. "సోమవారమే తవ్వి చూస్తాం. మీ మాట నిజమైతే స్టేషను మూయం. మరి బోర్డు మీద ఏం రాయమంటారు బాబాయిగారూ?"

"జరిగిందే రాయించమ్మా."

ఆ అమ్మాయి వెళ్లిపోయింది. టైలరమ్మ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది.

"తెగిన టేపుతో ఐదుసార్లు," అంది చివరికి. "నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లెవరూ ఇంత ఘనకార్యం చెయ్యలేదు."

"అవును."

"అయితే ఆ ఏడాదంతా మీరు చివరి బోగీ ఎక్కింది మంచితనంతో కాదన్నమాట."

"కాదు. సిగ్గుతో."

"ఏడాదంతా సిగ్గేనా?"

మొదలుపెట్టిన నిజాన్ని సగంలో ఆపడం ఎందుకనిపించింది సర్వేయరుగారికి. "మూడు నెలలే. ఆ పాటికి తలుపు సంగతి రోజూ ఎక్కేవాళ్లందరికీ తెలిసిపోయింది. మిగతా తొమ్మిది నెలలూ నీ ఒక్కదానికే చెప్పాను. నీకూ తెలుసు. అయినా రోజూ వచ్చి ఆ తలుపు దగ్గరే నిలబడేదానివి."

టైలరమ్మ కత్తెర అందుకుంది. మొహం అటు తిప్పుకుంది గానీ నవ్వు దాగలేదు.

"అది మాత్రం బోర్డు మీద రాయించకండి," అంది.